కాలిన గింజల వయసు

మార్చి 4

మా గోదాము దొరకి బావ దీవెనలు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాశారేమిటని మీ ఆవిడ అడుగుతుంది. చెవిలో పెట్టుకునే మిషను మళ్లీ పాడైందని చెప్పు. అది బాగున్న రోజుల్లో కూడా నీ మాటల్లో సగం వినపడవు, వినపడిన సగం నాకు నచ్చవు. అందుకని ఇకమీదట ఉత్తరాలే.

అసలు సంగతికి వస్తాను. నా పుస్తకం వేస్తామని ప్రచురణకర్త ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. కాని ఒక మెలిక పెట్టాడు. "మాస్టారూ, ఈ దూలాల సాక్ష్యం ఒక్కటే చాలదండీ" అన్నాడు. ఆ మాట అతని సొంతం కాదు, స్థిరాంకం నోట్లోంచి ఊడిపడింది. నేను పనిచేసిన విభాగానికి ఇప్పుడు పెద్ద తలకాయ ఆయనే. లోకంలో ఏది మారినా ఆయన తేదీ మాత్రం మారదని ఆ పేరు పెట్టింది మీ అక్క.

పవిత్ర గ్రంథంలో చెప్పిన ఆ నగరం తగలబడింది ఎప్పుడన్నదే మా తగువు. గ్రంథంలోని రాజుల వరుస తీసుకుని, రాజుకి ఇన్నేళ్లని సగటు కట్టి, వెనక్కి లెక్కపెట్టి ఎప్పుడో ఒక పెద్దమనిషి ఒక తేదీ రాశాడు. అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి కూర్చుంది. ఆ వరుసలో కొందరు రాజుల్ని వదిలేశారనీ, నగరం అంతకు మూడు వందల ఏళ్ల ముందే కాలిందనీ నేనంటాను. దానికి భక్తులు నన్ను గ్రంథానికే వంక పెట్టినవాడన్నారు. పండితులేమో గ్రంథం పట్టుకుని వేళ్లాడేవాడన్నారు. ఆ నగరమున్న చోట మేం తవ్విన దిబ్బలో కాలిన దూలాల బొగ్గు నా పక్షమే పలికింది. "పాత ఇళ్ల దూలాలు పీకి కొత్త ఇళ్లకి వాడుకుని ఉంటారు. దూలం చెప్పేది చెట్టు వయసు, మంట వయసు కాదు" అని స్థిరాంకం కొట్టిపారేశాడు. ఒప్పుకోవాలి, తెలివైన మాటే. గింజలైతే అలా అనలేడు. ఏ ఏటి పంట ఆ ఏడో మరుసటేడో తింటారు గాని మూడు వందల ఏళ్లు దాచుకోరు.

దిబ్బ ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. మళ్లీ తవ్వే రాత ఎవరికీ లేదు. కాని ఆ కాలిన నేల మీద దొరికిన గింజల కూజా మీ మ్యూజియం గోదాములో ఉండాలి. వెతికి, వయసు తేల్చడానికి ల్యాబుకి పంపు.

మీ అక్క నాతో డేరాల్లో పడుండి, దుమ్ము మింగుతూ, కుండపెంకులు అతికిస్తూ సగం జీవితం గడిపింది. ఒక్క నివేదికలోనూ ఆమె పేరు లేదు. అన్నింట్లో "సిబ్బంది" అంతే. ఈ పుస్తకం మొదటి పేజీలో ఆమె పేరొక్కటే వేయిస్తాను. పోయి రెండేళ్లయింది, ఆ పని కూడా చెయ్యకుండా నేను పోతే ఎలా? ఇందులో నా స్వార్థం లేదని బుకాయించను. ఉంది. కాని ఆ పేజీ కూడా ఉంది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ చెవిటి బావ

---

మార్చి 17

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మీ చెల్లెమ్మ నవ్వింది. "అన్నయ్యగారికి మన మాటలు వినపడకపోవడం చెవి వల్ల కాదు" అంది. ఆవిడ అన్నది ఉన్నదున్నట్టు రాశాను, నా మీద కోపం పెట్టుకోకండి.

మా గోదాము మీరు చూసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కిటికీలు కూడా మూసేసి అల్మారాలు పెట్టారు. పక్కగా నడిస్తే తప్ప రెండు వరసల మధ్య దూరలేను. నా పొట్ట గురించి మీరు అనబోయేది నాకు తెలుసు, అనకండి. మీ దిబ్బ సామాను వెనక గోడ దగ్గర, నీటి గొట్టం కింద ఉంది. గొట్టం కారుతోందని నేను రాసినన్ని అర్జీలు మీరు రాసిన వ్యాసాలకంటే ఎక్కువే ఉంటాయి.

కూజా దొరికింది. చూడగానే అక్క పనని తెలిసింది. అతుకు కనిపించకుండా రంగు పూసే అలవాటు తనకి లేదు గదా. "విరిగింది విరిగినట్టు కనపడాలిరా, లేకపోతే చూసేవాణ్ణి మోసం చేసినట్టు" అనేది. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నా వేళ్ల మీద కొట్టి నేర్పింది ఆ ఒక్క సంగతే. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

గింజలు అడుగున చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇన్నేళ్లయినా నల్లగా మెరుస్తున్నాయి, నిన్ననే వేయించినట్టు. ఒక్కటీ పొడి కాలేదు. సగం ల్యాబుకి పంపాను. వాటికి ఏమైనా పూశారా, కలిపారా అని వాళ్లు అడిగితే ఏమీ లేదని చెప్పాను. మూడు నెలలు పడుతుందట.

ఈలోగా ఎవరితోనూ ఏమీ అనకండి. మీ నోటి సంగతి నాకు తెలుసు. ఆ ఇంట్లో ఒక్కరూ ఉండేకన్నా ఇక్కడికి రావచ్చు గదా. గది ఖాళీగానే ఉంది.

మీ బావమరిది

---

ఏప్రిల్ 2

పొట్ట దొరకి,

సగం ఎందుకు పంపావు? మిగతా సగం ఎవరి కోసం దాచావు? మీ వంశంలోనే ఉంది ఈ దాపరికం. మీ అక్క కూడా టీ పొడి సగం డబ్బాలో పోసి సగం ఎక్కడో పెట్టేది. ఆ రెండో సగం నాకిప్పటికీ దొరకలేదు.

కూజా పట్టుకుని కూర్చున్నానని రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. ఇక్కడ ఆమె కుర్చీ మీద ఇప్పుడు నా కాగితాలుంటాయి. పొద్దున్నే వాటిని తీసి బల్ల మీద పెడతాను, సాయంత్రం మళ్లీ కుర్చీలో పెడతాను. ఖాళీగా ఉంటే చూడలేను.

వస్తానులే. పుస్తకం అయ్యాక వస్తాను.

బావ

---

జూన్ 19

నాయనా,

గెలిచాం.

ల్యాబు కాగితం నీకూ వచ్చే ఉంటుంది. దూలాలు ఏం చెప్పాయో గింజలూ అదే చెప్పాయి, పైగా ఇంకొంచెం వెనక్కే. మొన్న వార్షిక సదస్సులో లేచి నిలబడి చదివాను. నోరు మూసుకోమన్నావని గుర్తుంది. ఇన్నేళ్లు మూసుకునే ఉన్నాను గదా, ఇంకెంతకాలం? చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. బాగుచేయించిన చెవి మిషను మళ్లీ పోయిందేమోనని తట్టి చూసుకున్నాను. మిషను బాగానే ఉంది. స్థిరాంకం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి "గింజలంటే నేను చెప్పేదేమీ లేదండీ" అన్నాడు. మర్యాదస్తుడే, ఆ మాట ఎప్పుడూ కాదనను.

పుస్తకం అచ్చుకి వెళ్లింది. మొదటి పేజీ నమూనా పంపారు. మీ అక్క పేరు మధ్యలో, చుట్టూ తెల్ల కాగితం. దాన్ని ఆమె కుర్చీలో ఆనించి పెట్టాను. ఈ ఇంట్లో చాలా రోజుల తర్వాత గట్టిగా మాట్లాడాను. పక్కింటివాళ్లు ఎవరైనా వచ్చారేమో అనుకుని ఉంటారు.

చెల్లెమ్మకి చెప్పు, మాట వినని అన్నయ్య నెగ్గాడని.

బావ

---

జూలై 1

బావగారికి,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులుగా చెయ్యి రావడం లేదు. మీరు కూర్చుని చదవండి.

మీ దిబ్బ సామానులోనే కాలిన బుట్ట ముక్క ఒకటుంది, అదీ అక్క చేతి మీదుగా వచ్చిందే. పోయిన వారం దాన్ని ఫొటో తీయించడానికి దీపం కింద పెట్టాను. దీపం వేడికి బుట్ట చెమర్చింది. వేలు పెడితే జిడ్డు. మైనం. వెంటనే మిగిలిన గింజలు రెండు తెచ్చి అదే దీపం కింద పెట్టాను. అవీ అంతే.

ఆ రోజుల్లో అందరూ చేసిన పనే అది. కాలిన వస్తువు చేతిలో నుసి అయిపోకుండా మైనం కరిగించి పోసేవాళ్లు. పుస్తకాల్లోనూ అలాగే చెయ్యమని రాసి ఉండేది. అక్క తప్పేం లేదు. గింజలు అంత నల్లగా ఎందుకు మెరుస్తున్నాయో నేను మార్చిలోనే ఆలోచించాల్సింది. ఏమీ పూయలేదని ల్యాబువాళ్లకి చెప్పిన వెధవని నేను.

దీనివల్ల ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా రాస్తాను. బతికున్న మొక్క గాలిలోంచి తీసుకున్న కార్బన్, చచ్చాక కొంచెం కొంచెం తరుగుతుంది. ఎంత తరిగిందో చూసి వయసు చెబుతారు. మైనం భూమి లోపలి నూనెలోంచి తీసింది. దాంట్లో ఆ కార్బన్ ఎప్పుడో పూర్తిగా తరిగిపోయింది. గింజలో అది ఇంకితే, గింజ ఉన్నదానికంటే ముసలిదిగా కనిపిస్తుంది. మూడు వందల ఏళ్లు పెరగడానికి పెద్దగా మైనం కూడా అక్కర్లేదు.

మీ తేదీ తప్పని నేననడం లేదు. ఈ గింజలు చెప్పిన మాట చెల్లదంటున్నాను. మిగిలిన సగం పంపి, మైనం కడిగి చూడమని అడిగాను. అది తేలేదాకా పుస్తకం ఆపండి. కాళ్లు పట్టుకుంటాను.

మీ బావమరిది

---

జూలై 9

అయ్యా,

మీ హితబోధ అందింది.

ఆ డేరాలో ఉన్నది నేను. నువ్వు కాదు. నువ్వప్పటికి నిక్కర్లేసుకుని బడికి పోతున్నావు. మీ అక్క ఆ గింజలకి మైనం పోయలేదు. ఆమె అలాంటి పని చేసే మనిషి కాదు. మీ గోదాములో ఏ అర్ధజ్ఞాని ఎప్పుడు పూశాడో కనుక్కో, లేదా కారే గొట్టాన్ని అడుగు.

స్థిరాంకం మీ మ్యూజియం కమిటీలో ఉన్నాడని విన్నాను. నీకు ఏ కుర్చీ చూపించాడు? పైకి వెళ్లాలని నీకున్నదని తెలుసు, కిటికీలేని గదిలో ఎవరుంటారు. కాని చచ్చిపోయిన సొంత అక్క మీద కాలు పెట్టి ఎక్కుతావనుకోలేదు.

ఈ మైనం మాట ఇంకెవరి దగ్గరా ఎత్తకు.

- సంతకం అక్కర్లేదనుకుంటాను.

---

ఆగస్టు 20

బావగారికి,

మీ ఉత్తరం మీ చెల్లెమ్మకి చూపించలేదు. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నాకు ఎవరూ ఏ కుర్చీ చూపించలేదు. నేను ఆ గోదాములోనే రిటైరవుతాను, ఆ సంగతి మీకూ తెలుసు.

ల్యాబు నుంచి జవాబు వచ్చింది. ద్రావకంలో కడిగితే మైనం వదిలింది. మైనం వదలగానే గింజలూ వదిలాయి. వాటిని గింజలుగా నిలబెట్టింది ఇన్నేళ్లూ ఆ మైనమేనట. నుసి చాలావరకు కడుగులోనే పోయింది, మిగిలింది లెక్కకి చాలదన్నారు. మొదటిసారి పంపినవి అప్పుడే ఖర్చయిపోయాయి. ఇక ఆ కూజాలో ఒక్క గింజ లేదు, దిబ్బ నీళ్లలో ఉంది. మీరు రైటో స్థిరాంకం రైటో చెప్పే వస్తువు ఈ భూమి మీద లేదు. మీరు ఓడిపోయారని తేలినా ఇంత బాధ ఉండేది కాదనుకుంటా.

పుస్తకం మీరే ఆపించారని ఆలస్యంగా తెలిసింది. సంతోషించాను. కాని పత్రికలో మీరు వేయించిన ఆ ఒక్క వాక్యం ఏమిటి? "నా పొరపాటు వల్ల గింజల ఫలితాన్ని ఉపసంహరించుకుంటున్నాను." ఏ పొరపాటో రాయరా? ఇక్కడ టీ కొట్టు దగ్గర కుర్రలెక్చరర్లు ఏమనుకుంటున్నారో తెలుసా? మీరే గింజలకి ఏదో పూసి పంపారట. దొరికిపోతానని ముందే తప్పుకున్నారట. ఒకడు మిమ్మల్ని దొంగ అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టి లేచొచ్చేశాను, చేతకాక.

మీ అహం మిమ్మల్ని నోరు విప్పనివ్వదు. ఫరవాలేదు, నేను విప్పుతాను. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మైనం పోశారో, అది ఆనాటి పద్ధతేనని, మీకు ఇందులో ఏ పాత్రా లేదని అంతా వివరంగా పత్రికకి రాసి పొద్దున్నే పోస్టు చేశాను. మీరు నన్నేమన్నా మీ మీద దొంగ అనే మాట ఉండనివ్వను. అక్క ఉంటే తనూ ఇదే చేసేది.

మీ బావమరిది

---

ఆగస్టు 19

నాయనా,

జూలైలో రాసింది చింపెయ్యి. నీకు రాసిన ప్రతి మాటకీ సిగ్గుపడుతున్నాను. ఆ ఉత్తరం కోపంతో రాసింది కాదు, భయంతో రాసింది.

మైనం పోసింది మీ అక్కే. మార్చిలో కూజా అడిగినప్పుడు నాకా సంగతి నిజంగా గుర్తు లేదు. నీ ఉత్తరంలో ఆ మాట చూడగానే వాసనతో సహా గుర్తొచ్చింది. కూజా తీసిన రోజు గాలి ఎక్కువగా ఉంది. ఊపిరి తగిలితే చాలు గింజలు రాలిపోతున్నాయి. మీ అక్క కొంగుతో మూతి కట్టుకుని, డేరా మూలలో పొయ్యి మీద మైనం కరిగించి, ఒక్కో చుక్కా వేసింది. "ముక్కయితే అతికిస్తాను గాని పొడైతే నేనేం చేసేది?" అంది. అయిపోయాక గింజని వేళ్లతో పట్టుకుని నాకు చూపించింది. చెక్కుచెదరలేదు. ఆ డేరాల్లో ఉన్నన్నాళ్లలో ఆమె అంత సంతోషంగా ఉండటం నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఆ గింజలు మన దాకా వచ్చాయంటే ఆమె వల్లే. పనికిరాకుండా పోయాయంటే అదీ ఆమె వల్లే.

పుస్తకం ఆపించాను. పత్రికకి నా పొరపాటని రాశాను. ఏమి పొరపాటని అడిగారు, చెప్పలేదు. ఏమైనా అనుకోనీ. నన్ను అడిగేవాడుంటే జవాబు చెప్పుకోగలను, నా నోరు నాకుంది. ఆమె తరఫున చెప్పడానికి ఆమె లేదు. ఇన్నేళ్లు ఒక్కచోట కూడా పేరు వెయ్యని వాళ్లకి, వెయ్యడానికి ఈ ఒక్క కారణం మనం అందించకూడదు. అంతకన్నా నేనింకేం అడగను. తేదీ ఎలా పోయినా పోనీ.

ఎవరికీ చెప్పకు. చెల్లెమ్మకి కూడా.

వచ్చే నెల మీ ఇంటికి వస్తాను. గది ఉందన్నావు గదా.

బావ

---

సెప్టెంబరు 1

బావగారికి,

పందొమ్మిదిన మీరు రాసిన ఉత్తరం నాది పోస్టు చేశాక అందింది. అందిన రోజే బస్సెక్కి పత్రిక ఆఫీసుకి వెళ్లాను. మెట్ల మీద కట్టలు కట్టి పెట్టి ఉన్నాయి, అచ్చయిన సంచిక. నా లేఖ ఎనిమిదో పేజీలో ఉంది. సంపాదకుడు నా చెయ్యి పట్టుకుని, ఇంత నిజాయితీగా ఎవరు రాస్తారండీ అన్నాడు. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

రండి. రాకపోయినా ఒక్క ముక్క రాయండి. తిట్టండి.

మీ బావమరిది

---

అక్టోబరు 12

నాయనా,

తిట్టను. నువ్వు నాకు మంచి చెయ్యాలనే చేశావు. నేను ముందే నిజం చెప్పి ఉంటే నువ్వా పని చేసేవాడివి కాదు. ఇద్దరం ఒకళ్ల పరువు ఒకళ్లం కాపాడాలనుకున్నాం, మధ్యలో ఆమె దొరికింది.

నీ లేఖ పనిచేసింది. దొంగ అన్నవాళ్లు ఇప్పుడు పాపం అంటున్నారు. వీధిలో ఆగి పలకరిస్తున్నారు. ప్రచురణకర్త పుస్తకం ఇక వద్దన్నాడు, మర్యాదగానే అన్నాడు. మొదటి పేజీ నమూనా అలాగే కుర్చీలో ఉంది. తీసే పని నా వల్ల కావడం లేదు. నువ్వు వచ్చినప్పుడు తియ్యి. నేను రాలేను, చూపు కూడా మందగించింది. ఈ ఉత్తరం వరసలు తప్పితే ఏమనుకోకు.

నిన్న స్థిరాంకం ఇంటికొచ్చాడు. టీ తాగాడు. ఎక్కడా గర్వం లేదు, నిజంగా బాధపడ్డాడు. "అసలు తేదీ ఏదో మనకిక తెలియదండీ, మీదీ కావచ్చు" అన్నాడు. ఇన్నేళ్లూ ఆ మాట కోసం కాచుకున్నాను. విన్నాను. ఏమీ అనిపించలేదు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి చెప్పాడు. కొత్త పిల్లలకి ఈ ఏడాది నుంచి ఇది పాఠంగా పెడుతున్నారట, సాక్ష్యం ఎలా పాడవుతుందో చెప్పడానికి. పాఠానికి మీ అక్క పేరే పెట్టారు. "ఆవిడ పేరు ఎప్పటికీ నిలిచిపోతుందండీ" అన్నాడు, నన్ను ఓదార్చడానికి. మిషను బాగానే పనిచేస్తోంది. ప్రతి మాటా వినపడింది.

బావ